జగ్గమ్మ తీగకి గుచ్చిన చీటీలు

జగ్గమ్మని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు. డాక్టరు మీద, కాంపౌండరు మీద, మార్కులు వెయ్యడానికొచ్చిన పెద్దాఫీసరు మీద, అందరికంటే ఎక్కువగా నా మీద. ఆ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గుమాస్తాని నేనే. వచ్చిన రోగి పేరు పెద్ద రిజిస్టర్లో ఎక్కించి, చీటీ మీద నంబరు వేసి చేతికిచ్చేది నేనే.

ఊరి పేరు చెప్పను. నరసన్నపేటలో పాతపట్నం బస్సెక్కి, మధ్యలో దిగి, పొలం గట్ల మీద మైలున్నర నడిస్తే వస్తుంది. ఒంట్లో సత్తువ ఉన్నవాడికే వర్షాకాలంలో అది గంట నడక. చలిజ్వరంతో వణుకుతూ వచ్చేవాడికి ఎంతసేపో ఎవరూ చూడలేదు. ఎందుకంటే ఆ దారిని లెక్కెయ్యడానికి నా రిజిస్టర్లో గడి లేదు.

జగ్గమ్మ అక్కడ ఆయా. పాతికేళ్ళకే మొగుడు పోయాడు. ఎకరన్నర పల్లపు భూమిని మరుదులు కలిపేసుకుని, ఆడపిల్ల తల్లికి భూమెందుకన్నారు. ఆమె కూతురు చిన్నతల్లిని చంకనేసుకుని పుట్టింటికొచ్చింది. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి ఆ పిల్లని పెంచింది, పెళ్ళి చేసి గెడ్డ వాగు అవతలి ఊరికి కాపరానికి పంపింది. ఆస్పత్రి తెరిచిన ఏడాదే పనిలో చేరింది. పొద్దున్నే నూతిలో నీళ్ళు తోడి తొట్టి నింపేది. కిరసనాయిలు స్టవ్వు మీద సూదులు మరగబెట్టేది. సూదంటే గుక్కపెట్టే పిల్లల్ని ఒళ్ళో అదిమిపట్టుకునేది. నర్సు ఉద్యోగం రెండేళ్ళుగా ఖాళీ. కాన్పులన్నీ జగ్గమ్మే చేసేది. రిజిస్టర్లో మాత్రం ఆ కాన్పులు నర్సు ఖాతాలో ఉండేవి. లేని నర్సు నెలకి పద్నాలుగు కాన్పులు చేసేది. నవ్వకండి, అది నా దస్తూరీయే.

ఇప్పుడు సీసాల సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మిక్చరు కావాలంటే రోగి తన సీసా తనే తెచ్చుకోవాలి. కాంపౌండరు గోవిందరావు కిటికీ వెనకాల కూర్చుని, చీటీ తీసుకుని, జాడీలోంచి మందు వంచి, సీసాకి కాగితం ముక్క అంటించి ఇచ్చేవాడు. సీసా లేకపోతే మందు లేదు. కిరసనాయిలు వాసనొస్తే లేదు. మూత లేకపోతే లేదు. మందుతో పాటు మాత్రలు రాసినా, సీసా తెస్తేగానీ ఆ మాత్రలూ ఇచ్చేవాడు కాదు. రెండూ ఒక్కసారే ఇవ్వాలిట. మాత్రలు కొంగున ముడేసుకుని పోవచ్చు కదా, వాటికి సీసా ఎందుకయ్యా అని నేను ఒక్కనాడైనా అడగలేదు. పదకొండు కొట్టేసరికి కిటికీ మూసేవాడు. సీసా కోసం ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి వచ్చినవాడు మూసిన చెక్కని కాసేపు చూసి, చేతిలో చీటీ గేటు బయట పారేసి ఇంటిదారి పట్టేవాడు.

నా లెక్కలో మాత్రం వాడు ఎక్కేశాడు. చీటీ ఇవ్వగానే నంబరు పడింది, నంబరు పడితే వైద్యం జరిగినట్టే. రిజిస్టరు చివర ఫలితం అని ఒక గడి ఉండేది. రోగి మళ్ళీ వచ్చినప్పుడు చూసి నింపాల్సిన గడి అది. నేను నెలాఖర్న కూర్చుని, పైనుంచి కిందదాకా ‘క్యూర్డ్’ అని వరసగా రాసేవాణ్ణి. నయమైందని అర్థం. చెయ్యి నొప్పెట్టినప్పుడు మొదటి వరసలో రాసి కింద గీత లాగేవాణ్ణి. ఆ గీత కింద ఎంతమంది ఉన్నారో!

గేటు బయట పడ్డ చీటీలని జగ్గమ్మ ఏరేది. ఆమెకి చదువు రాదు. కానీ అక్షరం ఉన్న కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే మనిషి. రోజూ వాకిలి ఊడ్చేటప్పుడు చెత్తలోంచి చీటీలు ఒక్కొక్కటే తీసి, దుమ్ము దులిపి, వెనకపాకలో ఇనపతీగకి గుచ్చేది. "సదువు బాబూ, తొక్కకూడదు" అనేది. గోవిందరావు నవ్వేవాడు. నేనూ నవ్వాను.

అరవై ఎనిమిదో సంవత్సరం, భాద్రపదం. డాక్టరుగారి అత్తగారు రైల్లో వస్తున్నారని, సామాన్లు మొయ్యడానికి జగ్గమ్మని ఆమదాలవలస స్టేషనుకి పంపారు. ఆస్పత్రి ఆయాకి అదేం పని అని అడిగే దిక్కు లేదు. ఆవేళే చిన్నతల్లి చలిజ్వరంతో వచ్చింది. నాకు ముఖం గుర్తు లేదు. తల దించుకుని పేరూ వయసూ ఊరూ అడిగాను. నంబరు రెండువందల పద్నాలుగు. డాక్టరు మిక్చరూ, చలిజ్వరం మాత్రలూ రాశాడు. కిటికీ దగ్గర గోవిందరావు ఆమె సీసా వాసన చూసి, "కిరసనాయిలు కంపు, కడుక్కురా" అని తోసేశాడు. ఆ పిల్ల నూతి దగ్గరికి వెళ్ళి, బూడిదతో తోమి, కడిగి, గట్టు పట్టుకుని కూలబడి, లేచి వచ్చేసరికి కిటికీ మూసి ఉంది. ఇదంతా నేను చూశాను. మూడు గజాల దూరంలో కుర్చీలో కూర్చుని చూశాను. తర్వాత కాంపౌండరూ నేనూ కలిసి టీ తాగడానికి వెళ్ళాం.

అయిదోరోజు చిన్నతల్లి చచ్చిపోయింది. శవానికి నీళ్ళు పోసేటప్పుడు కొంగుముడిలో మడతపెట్టిన చీటీ దొరికింది. అందరిలా ఆ పిల్ల పారెయ్యలేదు. మర్నాడు మళ్ళీ వద్దామనుకుందో ఏమో.

దినాలయ్యాక జగ్గమ్మ పనిలోకి వచ్చింది. ఒక్క కన్నీటిబొట్టు లేదు. తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి కూతురి చీటీ పెట్టింది.

"బాబూ, ఇది నా గుంట సీటీ. పెద్దపుస్తకంలో దీనికాడ ఏటి రాసున్నాదో సదువు."

అప్పటికి నెలాఖరు దాటింది. పేజీ తిప్పాను. రెండువందల పద్నాలుగు. పేజీ మూసెయ్యబోయాను.

"సదువు బాబూ."

"నయమైందని ఉంది జగ్గమ్మా."

ఆమె చాలాసేపు ఆ పేజీనే చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నయమైపోనాదా? మరి నాను ఎవుల్ని కాల్చొచ్చేను? కొట్టీ బాబూ దాన్ని. సచ్చిపోనాదని రాయి. ఇంకేటీ అడగను."

పనంతా ఒక్క గీతా, ఒక్క మాటా. కానీ కొత్తగా ఆ ఏడు ఏ ఆరోగ్య కేంద్రం ఎంత బాగా పనిచేస్తోందో మార్కులేసి తేలుస్తామని పైనుంచి కాగితం వచ్చింది. వచ్చిన రోగుల సంఖ్యకి నలభై మార్కులు, టీకాలకి ఇరవై, శుభ్రతకి ఇరవై, రికార్డులకి ఇరవై. వచ్చినవాడికి మందు దొరికిందా, ఇంటికెళ్ళి బతికాడా అన్నదానికి ఒక్క మార్కు లేదు. ఒట్టు, నేను ఆ కాగితం మూడుసార్లు చదివాను. రికార్డులో కొట్టివేత ఉంటే మార్కు పోతుందని డాక్టరు ముందే గుడ్లురిమాడు. "తనిఖీ అయిపోనీ జగ్గమ్మా, తర్వాత దిద్దుతాను" అన్నాను. ఆమె చీటీకి పసుపుదారం కట్టి, తీసుకెళ్ళి తీగకి గుచ్చింది.

ఆ రోజునుంచి తీగ మీద చీటీలని ఆమె చూసే చూపు మారింది. మందు దొరికినవాడు చీటీని కిటికీలో ఇచ్చేస్తాడు. దొరకనివాడి చీటీయే బయటపడుతుంది. అంటే తీగకి ఉన్నవాళ్ళంతా తన కూతురిలా ఉత్త చేతులతో తిరిగి వెళ్ళినవాళ్ళే. చదువురాని మనిషికి ఈ లెక్క తెలిసింది. చదువుకున్న నాకు ఆమె చెబితే తెలిసింది.

తనిఖీ రోజు వచ్చింది. గోడలకి సున్నం, గుమ్మాలకి మామిడాకులు, మంచాల మీద ఆ ఉదయమే పెట్టెలోంచి తీసిన దుప్పట్లు. మంచాల మీద పడుకోబెట్టడానికి ఊళ్ళోంచి ఇద్దరు ఆరోగ్యవంతుల్ని కూడా తెచ్చారు. పెద్దాఫీసరు చుట్టు బండిదారిన వచ్చి జీపు దిగి, కొబ్బరినీళ్ళు తాగి, రిజిస్టరు తిరగేసి చాలా సంతోషపడ్డాడు. తర్వాత ఎవరూ అనుకోని మాట అడిగాడు.

"మందులిచ్చిన చీటీలు చూపించండి. రిజిస్టరుతో సరిచూస్తాను."

గోవిందరావు మొహం పాలిపోయింది. పొడిమందులు కట్టడానికి కాగితం రాదని, వాడు ఆ చీటీల్నే పొట్లాలు కట్టి రోగులకి ఇచ్చేసేవాడు. మందు తీసుకున్నవాళ్ళ చీటీలు మందుతో పాటే ఊళ్ళకి వెళ్ళిపోయాయి. డాక్టరు నా వైపు చూశాడు. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఈ కథంతా రాస్తున్నాను. వెనకపాకలోకి వెళ్ళి, జగ్గమ్మ తీగని మేకు మీంచి తీసి, తెచ్చి ఆఫీసరు ముందు పెట్టాను.

తీగ మూడు మూరలుంది. దట్టంగా చీటీలు. ఆఫీసరు దాన్ని రెండు చేతులా ఎత్తి, "ఇంత పద్ధతిగా దాచిన కేంద్రాన్ని నేను చూడలేదు" అన్నాడు. పది చీటీలు అక్కడక్కడా పట్టుకుని నంబర్లు చదివాడు. రిజిస్టర్లో పదికి పది సరిపోయాయి. సరిపోక ఏమవుతాయి? అన్నీ నేను వేసిన నంబర్లే. మందు ఇవ్వని వందల మందిని చూపించి, మందు ఇచ్చినందుకు మార్కులు తెచ్చుకుంటున్నాం.

పదకొండోదానికి పసుపుదారం ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు ఆఫీసరు. "రెండువందల పద్నాలుగు. చలిజ్వరం. రిజిస్టర్లో... క్యూర్డ్. ఇదీ సరిపోయింది."

"ఏటి సరిపోనాది బాబూ?"

గుమ్మంలో జగ్గమ్మ. చేతిలో చీపురు. డాక్టరు వెళ్ళిపొమ్మని సైగ చేశాడు. ఆమె లోపలికి వచ్చింది.

"ఆ సీటీలు మందు దొరికినోలవి కావు. దొరకనోలవి. గేటుకాడ పారేసి పోతంటే నాను ఏరినాను. అది నా గుంటది. నయమైందని రాసేరు గదా. ఏదీ నా సిన్నతల్లి? ఎక్కడున్నాదో సూపించండి. నయమైన మనిషి ఇంటికి రావాల గదా!"

డాక్టరు గొంతు సవరించుకుని, "కూతురు పోయింది సార్, అప్పట్నుంచి మతి స్థిమితం లేదు" అన్నాడు. ఆఫీసరు చెడ్డవాడు కాదనే అనుకుంటాను. రిజిస్టరు నా వైపు తిప్పాడు.

"ఏమయ్యా, ఇది నీ దస్తూరీయే కదా. నువ్వు చెప్పు. ఈ అమ్మాయి బాగుపడిందా, పోయిందా?"

జగ్గమ్మ నన్నే చూస్తోంది. డాక్టరూ నన్నే చూస్తున్నాడు.

"రికార్డు ప్రకారం బాగుపడింది సార్" అన్నాను.

థూ! ఇన్నేళ్ళయినా ఆ మాట నా నోట్లో చేదుగానే ఉంది. మా కేంద్రానికి తొంభై రెండు మార్కులొచ్చాయి. తాలూకాలో మొదటి స్థానం. ఆ మార్కుల కాగితానికి చట్రం కట్టించి గోడకి తగిలించారు. జగ్గమ్మని మర్నాటినుంచి రావద్దన్నారు.

ఆమె రాకుండా ఏం ఉండలేదు. గేటు ఎదురుగా టీకొట్టు చూరుకింద కూర్చునేది, ఆస్పత్రి ఎల్లకి అవతల, ఎవరూ లెమ్మనలేని చోట. ముందు గంపలో కడిగి ఆరబెట్టిన సీసాలు. ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చినవి. ఉత్త చేతులతో వచ్చినవాడికి ఒక సీసా ఇచ్చి లోపలికి పంపేది. బయటికొచ్చేవాణ్ణి ఆపి, "మందిచ్చేరేటి?" అని అడిగేది. ఇచ్చారంటే ముంతలో ఒక చింతపిక్క. మందుల కిటికీ మూశాక నా గది కిటికీ దగ్గరికొచ్చేది.

"ఈయేల ఎంతమందికి మందిచ్చేరు బాబూ?"

"డెబ్బై ఆరు" అనేవాణ్ణి, రిజిస్టరు చూసి.

ముంత కిటికీ గట్టు మీద బోర్లించేది. "నాకాడ ముప్పైయొకటే ఉన్నాయి" అని, పిక్కలు మళ్ళీ ముంతలోకి ఎత్తుకుని వెళ్ళిపోయేది. తిట్టలేదు, శపించలేదు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. ఒకరోజు కిటికీ మూసుకుని లోపల కూర్చున్నాను. బయట గట్టు మీద పిక్కలు పడ్డ చప్పుడు వినబడింది. ఒకటి, రెండు, మూడు అని నాకు వినబడేలా లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది దగ్గర ఆపింది. నా రిజిస్టర్లో ఆవేళ ఎనభై.

నెలన్నర పట్టింది నాకు సిగ్గు రావడానికి. ఒకరోజు ఆమె ముప్పైనాలుగు అంది. నేను రిజిస్టర్లో చీటీలు డెబ్బై, మందు అందినవారు ముప్పైనాలుగు అని రాశాను. ఆ రోజునుంచి రోజూ అలాగే రాశాను. ఆ నెల నివేదిక వెళ్ళింది. వారంలో మెమో వచ్చింది. తాలూకాలో మొదటి కేంద్రంలో పని సగానికి సగం ఎందుకు పడిపోయింది, గుమాస్తా సంజాయిషీ ఇవ్వాలిట. డాక్టరు కాగితం నా మొహాన కొట్టి, "వెధవా, నీ ఉద్యోగం పోతుంది" అన్నాడు. పోతే పోనీ అనే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఆవేళ ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. పని పడిపోలేదండీ, ఇంతకు ముందు నేను అబద్ధం రాశాను అని సంజాయిషీ రాసి పంపేశాను.

ఆ సాయంత్రం జగ్గమ్మ రాగానే లోపలికి పిలిచాను. పాత రిజిస్టరు తీశాను. రెండువందల పద్నాలుగో నంబరు ఎదుట ‘క్యూర్డ్’ మీద గీత కొట్టాను. పక్కన తెలుగులో రాసి, వేలు పెట్టి చూపిస్తూ చదివాను.

"మందు ఇవ్వలేదు. చనిపోయింది."

"మల్లీ సదువు బాబూ."

మళ్ళీ చదివాను. మూడోసారి చదవమంది. మూడోసారి చదివాక ఆ అక్షరాలు కళ్ళకద్దుకుంది. తర్వాత నా బల్ల పక్కనే నేలమీద కూలబడి, "ఓలమ్మా, నా సిన్నతల్లీ" అని గుండెలవిసేలా ఏడ్చింది. కూతురు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు. గోవిందరావు మందుల గది గుమ్మంలోంచి తొంగిచూసి, తల లోపలికి లాక్కున్నాడు.

ఏడుపు ఆగాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా గుంటది దిద్దినావు. మరి ఆ తీగకున్నోలందరూ? ఆల్లకాడ కూడా నయమైందనే ఉన్నాది గదా. బతికేరో సచ్చేరో ఎవుడు సూసేడు?"

"ఎవరూ చూడలేదు జగ్గమ్మా."

"అయితే మనమే అడగాల. రేపు ఆదివారం. బేగి వచ్చీ."

తీగ ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉంది, మా మంచి రికార్డుకి సాక్ష్యంగా. తాళం నా దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున్నే తీగ తీసి భుజాన వేసుకున్నాను. జగ్గమ్మ ముందు, నేను వెనక, పొలం గట్ల మీద నడిచాం. ఆ దారిలో నేను నడవడం ఉద్యోగంలో చేరిన రోజు తర్వాత అదే. తుఫాను వానకి మోకాలిదాకా బురద. గెడ్డ దాటేసరికి నా కాళ్ళు లాగేశాయి, అదీ ఒంట్లో జ్వరం లేకుండా.

మొదటి చీటీ కూర్మయ్యది. వయసు అరవై. ఆయాసం, దగ్గు. తారీకు చూస్తే అయిదు నెలల కిందటిది. ఊరి చివర తాటాకు ఇల్లు. జగ్గమ్మ గుమ్మంలో నిలబడి కేకేసింది.

"కూర్మయ్య మావా! ఉన్నావేటి?"

లోపల దగ్గు వినిపించింది. బతికే ఉన్నాడు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. కర్ర పట్టుకుని ముసలాయన గుమ్మం దాకా వచ్చాడు. ఎముకలగూడు. నా భుజం మీద తీగని చూశాడు, నన్ను పోల్చుకున్నాడు.

"ఆస్పత్రి బాబు గదా?"

"అవును తాతా. నువ్వొచ్చిన రోజు నీకు మందివ్వలేదు. ఆ సంగతి..."

నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. ముసలాయన ముఖం వెలిగింది. ఆయాసపడుతూనే గబగబా వెనక్కి తిరిగి లోపలికెళ్ళాడు. చూరులోంచి ఏదో తీస్తున్న చప్పుడు. తిరిగొచ్చేసరికి చేతిలో సీసా ఉంది, మెరిసేలా తోమినది, మూతతో సహా. రెండు చేతులా నా ముందుకి చాపాడు.

"మీరు సెప్పినట్టే కడిగి ఉంచేను బాబూ. మందు తెచ్చేరేటి?"